బడి ఇచ్చిన ట్యాబ్: పిల్లల పూచీ ఎంత, పెద్దల పూచీ ఎంత

ప్రజాధనంతో కొని, బడి స్టాక్ రిజిస్టరులో రాసి, చదువు నిమిత్తం విద్యార్థి చేతికిచ్చిన ట్యాబ్ గానీ ల్యాప్‌టాప్ గానీ బడి సొత్తే తప్ప విద్యార్థి సొంత వస్తువు కాదన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. కానీ అది చేయి జారి అద్దం పగిలినప్పుడు, ఇంట్లోంచి మాయమైనప్పుడు, లేదా దానిలోని ఒక ఫొటో బయటికి పోయి ఒక ఆడపిల్ల తల ఎత్తుకోలేని స్థితి వచ్చినప్పుడు, ఆ భారం ఎవరి మీద ఎంత పడాలన్న ప్రశ్నకు మన బడులలో ఇప్పటికీ స్పష్టమైన జవాబు లేదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ ప్రశ్నకు బరువు మరింత ఎక్కువ. ఎందుకంటే ఇక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లల్లో అత్యధికులు కూలీల, సన్నకారు రైతుల, వలస కుటుంబాల పిల్లలు. 2025-26లో ఉపాధి హామీ పథకం కింద తెలంగాణలో దినకూలి 307 రూపాయలు. పదహారు వేల రూపాయల ట్యాబ్ ఒకటి పాడైతే, దాని ఖరీదు దేవరకొండ తండాలోని ఒక తల్లి యాభై రోజులకు పైగా చేసే మట్టిపనికి సమానం. అందువల్ల విద్యార్థి బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను మరచిపోయి మాట్లాడడం న్యాయం కాదు.

పిల్లవాడికి సొంతంగా ఒక్కో పరికరం ఇచ్చి ఇంటికి పంపిన పెద్ద ప్రయోగం కృష్ణా, తుంగభద్ర నదుల ఆవలి ఒడ్డున జరిగింది. నాగార్జునసాగర్ దాటితే మాచర్ల, అలంపురం దాటితే కర్నూలు. అంటే ఈ రెండు జిల్లాల సరిహద్దు గ్రామాల చుట్టాలూ బంధువులూ ఉన్న చోటే. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. మొత్తం 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌లు; వాటిలో సుమారు 4 లక్షల 60 వేలు పిల్లలవి, 59 వేలు ఉపాధ్యాయులవి. బైజూస్ సంస్థ పాఠాలను మెమరీ కార్డులో ముందే నింపి ఇవ్వడం వల్ల ఇంటర్నెట్ లేని ఇంట్లోనూ వాటిని చూసుకునే వీలు కలిగింది. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. ఆ పథకంలో ఈ వ్యాసానికి అవసరమైన అంశాలు రెండున్నాయి. ట్యాబ్‌కు మూడేళ్ల వారంటీ ఇచ్చి, చెడిపోతే ప్రధానోపాధ్యాయుడికి గానీ గ్రామ సచివాలయంలో గానీ అప్పగిస్తే వారం రోజుల్లో బాగుచేసి ఇవ్వాలని, లేదా వేరేది ఇవ్వాలని ఏర్పాటు చేయడం మొదటిది. ప్రతి ట్యాబ్‌లోనూ ఎండీఎం అనే సాఫ్ట్‌వేర్ పెట్టడం రెండోది. ఒకే చోట నుంచి వేలాది పరికరాలను అదుపు చేస్తూ, ఏ యాప్ తెరుచుకోవాలో ఏది తెరుచుకోకూడదో నిర్ణయించే ఏర్పాటునే మొబైల్ డివైజ్ మేనేజ్‌మెంట్, పొట్టిగా ఎండీఎం అంటారు. అంటే వస్తువు చెడితే ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పారు, దారి తప్పకుండా తాళం వేశారు. ఈ రెండింటి నడుమ పిల్లవాడు స్వయంగా ఏం నేర్చుకోవాలన్నది మాత్రం పంపిణీ సభలంత శ్రద్ధను పొందలేదు. పాఠాలిచ్చిన సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్ పదిలంగా ఉన్నా అందులోని పాఠానికి దిక్కెవరన్న మరో ప్రశ్న అక్కడ పుట్టుకొచ్చింది, అది ఏ విద్యార్థీ మోయగలిగిన బాధ్యత కాదు.

తెలంగాణ వేరే దారిలో నడిచింది. ఇక్కడ పరికరం ప్రధానంగా బడిదిగానే, బడిలోనే ఉంటూ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలైనప్పుడు ‘బూట్’ పద్ధతి పాటించారు. ప్రైవేటు సంస్థ తానే ల్యాబ్ ఏర్పాటు చేసి, తన సొత్తుగానే ఉంచుకుని ఐదేళ్లు నడిపి, గడువు తీరాక బడికి అప్పగించే ఒప్పందమది. 2013లో ఆ గడువు ముగిసి, ఒప్పందం కింద పనిచేసిన బోధకులు వెళ్లిపోయిన తరువాత ఎన్నో బడుల్లో ఆ గదులకు తాళాలు పడ్డాయి. 2016 నవంబరులో డిజిటల్ తరగతులు వచ్చాయి. కొవిడ్ కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమైనప్పుడు, సెల్‌ఫోను ఇంటికొక్కటే ఉండి అది తండ్రితో పాటు పనికి పోయే కుటుంబాల పిల్లలు పంచాయతీ టీవీ ముందో పక్కింటి టీవీ ముందో కూర్చోవలసి వచ్చింది. 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు–మన బడి’ కార్యక్రమంలోని 12 అంశాల్లో డిజిటల్ విద్య ఒకటి. ఆ తరువాత బడులకు ట్యాబ్‌లు చేరాయి, హాజరు నమోదు వాటి మీదికి మారింది. 2025లో ఎంపిక చేసిన ప్రాథమిక పాఠశాలల పిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయత్నమూ మొదలైంది. ఒక పరికరాన్ని ఒక్కడే వాడితే వచ్చే బాధ్యత ఒక రకం, నలభై మంది వంతులవారీగా వాడితే వచ్చేది మరో రకం. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ బడుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఈ రెండోదే. పైగా పదిమంది వాడే వస్తువును నా తరువాతివాడికి కూడా పనికొచ్చేట్టు ఉంచాలన్న బుద్ధి అలవడడమే అన్నిటికన్నా కష్టం.

చట్టం ఈ విషయంలో చెప్పేది ఆశ్చర్యకరంగా మానవీయంగా ఉంటుంది. ఒకరి వస్తువును మరొకరు ఒక పని కోసం తీసుకుని, ఆ పని తీరాక తిరిగి ఇచ్చే సంబంధాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ‘బెయిల్‌మెంట్’ అంటుంది. పాత రోజుల్లో అమానతుగా పెట్టుకోవడమన్నది దీనికి దగ్గరి మాట. ఆ చట్టంలోని 151వ సెక్షన్ ప్రకారం, వస్తువు తీసుకున్న వ్యక్తి సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువును అలాంటి పరిస్థితుల్లో ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి. 152వ సెక్షన్, వేరే ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అంత జాగ్రత్త తీసుకున్నా వస్తువు పోతే లేదా చెడితే ఆ నష్టానికి అతను పూచీ పడనవసరం లేదంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని వారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు గనుక ఈ సెక్షన్లను తీసుకుపోయి నేరుగా పదమూడేళ్ల పిల్లవాడి మీద అమలు చేయలేము. తల్లిదండ్రుల చేత హామీపత్రం మీద సంతకం చేయించడం అందుకే వస్తుంది. అయినా ఆ సూత్రం మాత్రం ఎంతో విలువైనది. పిల్లవాడిని అడగవలసింది ‘పగిలిందా, పగలలేదా’ అని కాదు. ‘జాగ్రత్తగా ఉన్నావా, లేదా’ అని. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడాను గుర్తించిన బడిలో పిల్లలు జరిగింది జరిగినట్టు చెబుతారు. గుర్తించని బడిలో పగిలిన ట్యాబ్‌ను పరుపు కింద దాచి, పరీక్షల దాకా మాట దాటవేస్తారు.

కాబట్టి హామీపత్రం అనేది తల్లిదండ్రులను బెదిరించే కాగితంగా ఉండకూడదు. అక్షరం రాని తల్లి వేలిముద్ర వేసే ముందు ఆ పత్రంలోని ప్రతి మాటను ఆమెకు చదివి వినిపించాలి. లంబాడీ తండాల్లో అవసరమైతే గోర్‌బోలిలో వివరించగలిగిన వారు పక్కన ఉండాలి. అనుకోకుండా జరిగిన నష్టం, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం, కావాలని చేసిన నష్టం వేరువేరని అందులో స్పష్టంగా రాయాలి. మొదటిదానికి బడి నిధి నుంచో వారంటీ నుంచో మరమ్మతు జరగాలి, రెండోదానికి హెచ్చరిక, కొంతకాలం బడిలోనే వాడుకోవాలన్న నియమం సరిపోతాయి, మూడోదానికి మాత్రమే తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి నష్టం సంగతి తేల్చాలి. దొంగతనం జరిగితే ఇరవై నాలుగు గంటల్లోపు ప్రధానోపాధ్యాయుడికి చెప్పి, వెనుక రాసి ఉండే సీరియల్ నంబరుతోను, పెట్టె మీద ముద్రించి ఉండే ఐఎంఈఐ నంబరుతోను పోలీసులకు ఫిర్యాదు చేయడం విద్యార్థి కుటుంబం పని. ఐఎంఈఐ అంటే సిమ్ పట్టే ప్రతి పరికరానికి విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య. ఆ నంబరును ముందే రిజిస్టరులో రాసి ఉంచడం మాత్రం బడి పని.

ఇక వస్తువును కాపాడుకునే విషయం. ఇక్కడ వాతావరణమే మొదటి శత్రువు. ట్యాబ్‌లూ ల్యాప్‌టాప్‌లూ లిథియం అయాన్ బ్యాటరీలతో నడుస్తాయి. వీటిలో లిథియం అయాన్లు రెండు పొరల మధ్య అటూ ఇటూ కదులుతూ విద్యుత్తును నిల్వ చేస్తాయి, విడుదల చేస్తాయి. వేడి పెరిగినకొద్దీ లోపల అనవసరమైన రసాయన చర్యలు వేగం పుంజుకుని బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. తయారీదారులు సాధారణంగా 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని చెబుతారు. మే నెలలో నల్లగొండలో పగటి ఎండ 44 డిగ్రీలు దాటడం వింత కాదు గనుక, రేకుల కప్పు కింద, కిటికీ పక్కన ఎండ పడే బల్ల మీద, సైకిల్ క్యారియర్ మీద, ఎండలో నిలిపిన ఆటోలో ట్యాబ్‌ను వదిలిపెట్టడం దాన్ని నెమ్మదిగా చంపుకోవడమే. ఛార్జింగ్‌లో ఉండగా దిండు కింద పెట్టడం, దాని మీద పుస్తకాలు పేర్చడం మరింత ప్రమాదం. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి బ్యాటరీ ఉబ్బవచ్చు, అరుదుగా అంటుకోవచ్చు కూడా. వీపు ఉబ్బినట్టు, తెర పైకి లేచినట్టు కనిపించిన ట్యాబ్‌ను ఒత్తకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు, వెంటనే ఉపాధ్యాయుడికి అప్పగించాలి. ఇది పిల్లలకు మొట్టమొదట నేర్పవలసిన పాఠం.

వ్యవసాయ మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యే పల్లెల్లో కరెంటు ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది; అందుకే పరికరంతో వచ్చిన ఛార్జర్‌నే వాడాలి, సంతలో దొరికే పేరులేని ఛార్జర్ జోలికి పోకూడదు, ఉరుములు మెరుపులు ఉన్న వేళ ప్లగ్గు తీసేయాలి. బ్యాటరీని ప్రతిసారీ సున్నా దాకా దించడం, రాత్రంతా నూరు శాతం మీద ఉంచడం రెండూ మంచివి కావు. నల్లమలలో అమ్రాబాద్ వైపు పెంటలనే చెంచు గూడేల్లోనో, కరెంటు నిలకడగా లేని తండాల్లోనో ఉండే పిల్లలకు ఈ నియమం చెప్పి ఊరుకుంటే సరిపోదు. బడి వదిలే ముందు అరగంట బడిలోనే ఛార్జింగ్ పెట్టుకునే వీలు కల్పించాలి. లేకపోతే చేయలేని పనిని చేయలేదని పిల్లవాడిని నిందించినట్టవుతుంది. సుద్దముక్కల పొడి, ఎర్రమట్టి దుమ్ము ఛార్జింగ్ రంధ్రంలో చేరి పిన్నులను వదులు చేస్తాయి కాబట్టి పొడి గుడ్డతో తుడిచి కవరులో ఉంచడం, బ్యాగులో నీళ్ల సీసాకు, టిఫిన్ డబ్బాకు దూరంగా, పుస్తకాల నడుమ నిలువుగా పెట్టుకోవడం చిన్న పనులే అయినా, పరికరం మూడేళ్లు నిలుస్తుందా ఆరు నెలలకే మూలబడుతుందా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

అయితే పరికరాలకు పిల్లల చేతుల కన్నా పెద్దల భయం వల్ల జరిగే హాని ఎక్కువ. పగిలితే తన జీతంలోంచి కోస్తారని, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని భయపడి ట్యాబ్‌లను బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ బీరువాలో ఉన్న ట్యాబ్ క్షేమంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఛార్జింగ్ అయిపోయిన లిథియం బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే దాని ఓల్టేజీ సురక్షిత స్థాయి కన్నా కిందికి పడిపోయి, లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని మళ్లీ ఛార్జ్ కానివ్వదు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవుల్లో, ఇనుప బీరువాలో, ఖాళీ బ్యాటరీతో పడి ఉన్న ట్యాబ్ ఎవరూ ముట్టకుండానే చచ్చిపోవచ్చు. సెలవులకు ముందు సగం వరకు ఛార్జ్ చేసి, స్విచ్ ఆపి, చల్లని గదిలో ఉంచి, నెలకోసారి చూసుకోవాలి. ఈ పనిని ఇద్దరు పెద్ద తరగతి విద్యార్థులకు పేరు పెట్టి అప్పగిస్తే వారే చక్కగా చేస్తారు. 2013 తరువాత తాళాలు పడిన కంప్యూటర్ గదులు చెప్పిన పాఠం ఇదే: వాడుక ఆగిన చోట బాధ్యతా ఆగిపోతుంది.

పరికరం పైకి కనిపించే వస్తువు. లోపల ఉన్న సమాచారం కనిపించదు గనుక దాని మీద బాధ్యత పిల్లలకు త్వరగా అర్థం కాదు. ఒకే ట్యాబ్‌ను నలుగురు వాడే బడిలో ముందు వాడిన విద్యార్థి తన ఖాతా నుంచి బయటికి రాకుండా పెట్టేస్తే, తరువాత వచ్చినవాడు అతని పేరుతో సందేశాలు పంపగలడు, అతని మార్కులు, ఫొటోలు చూడగలడు. వేరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66సీ సెక్షన్ కింద నేరమని, పిల్లల అశ్లీల చిత్రాలను తీయడం, దాచడం, పంపడం 67బీ సెక్షన్ కింద అంతకన్నా తీవ్రమైన నేరమని ఎనిమిదో తరగతి నుంచే చెప్పాలి; చెప్పకుండా, తప్పు జరిగాక పోలీసు స్టేషనుకు పిలిపించడం పెద్దల వైఫల్యం. తోటి పిల్లల ఫొటో వారి అనుమతి లేకుండా తీయకూడదు, ఎవరైనా బెదిరిస్తే జవాబివ్వకుండా, చెరిపేయకుండా, నమ్మకమున్న ఉపాధ్యాయురాలికో తల్లికో చూపాలి. సైబర్ మోసాలకు 1930, ఆపదలో ఉన్న పిల్లలకు 1098 అనే నంబర్లు ప్రతి ట్యాబ్ వెనుక అంటించి ఉండడం ఖర్చులేని పని. బెదిరింపుకు గురైన అమ్మాయిని ‘నీకెందుకు ట్యాబ్’ అని తిట్టి దాన్ని లాక్కుంటే ఆ పిల్ల ఇక ఎప్పటికీ ఏదీ చెప్పదు. అసలే ఒక ట్యాబ్ ఇంటికొస్తే అది అన్నదమ్ముల చేతిలోకి పోయి, ఎవరి పేరు మీద వచ్చిందో ఆ ఆడపిల్ల గిన్నెలు తోముతూ ఉండే ఇళ్లు తక్కువేమీ కాదు. ఎవరి పేరున ఇచ్చారో వారే వాడాలన్న నియమం ఆమెకు రక్షణ.

నిఘా విషయంలో బడికీ హద్దులున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లోయర్ మెరియన్ అనే పాఠశాలల యంత్రాంగం తాను ఇచ్చిన ల్యాప్‌టాప్‌ల కెమెరాలను దూరం నుంచి తెరిచి, విద్యార్థులు ఇళ్లలో ఉండగా వారికి తెలియకుండా వేల చిత్రాలు తీసిందని 2010లో బయటపడింది. ఆ వ్యాజ్యాలు అదే ఏడాది 6 లక్షల 10 వేల డాలర్లతో రాజీ అయ్యాయి. పోయిన ల్యాప్‌టాప్‌ను వెతకడానికి పెట్టిన సాధనం అదుపు తప్పిన ఉదంతమది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని, వారి కదలికలను, అలవాట్లను గమనించకూడదని, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపకూడదని అంటుంది. చదువు అవసరాల కోసం కొన్ని మినహాయింపులకు చోటున్నా, ట్యాబ్‌లో ఏం నమోదవుతోందో, ఎవరు చూస్తున్నారో పిల్లలకూ పెద్దలకూ ముందుగా చెప్పడం మర్యాద, అవసరం కూడా.

సాఫ్ట్‌వేర్ తాళాల మీదే భారం వేస్తే ఏమవుతుందో లాస్ ఏంజిల్స్ చూసింది. 2013లో అక్కడి బడులు ఐప్యాడ్‌లు పంచిన కొద్ది రోజులకే రూజ్‌వెల్ట్ ఉన్నత పాఠశాలలో సుమారు మూడు వందల మంది విద్యార్థులు వాటిలోని కట్టడిని తొలగించి తమకిష్టమైనవి చూడడం మొదలుపెట్టారు. అధికారులు పరికరాలను ఇంటికి పంపడమే ఆపేశారు. పిల్లల తెలివి ఏ ఊళ్లోనైనా అంతే. ఆ తెలివికి పని అప్పగించిన రాష్ట్రం కేరళ. 2018లో మొదలైన ‘లిటిల్ కైట్స్’ కింద సుమారు రెండు వేల ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి బృందాలు యానిమేషన్, మలయాళం టైపింగ్, హార్డ్‌వేర్ నేర్చుకోవడంతో పాటు బడిలోని ప్రొజెక్టర్లు, ల్యాప్‌టాప్‌లను చూసుకునే పనిలో ఉపాధ్యాయులకు తోడవుతున్నాయి. ఒక కేబుల్ వదులైతే దాన్ని సరిచేయడం తెలిసిన పిల్ల ఆ కేబుల్‌ను లాగి ఆడుకోదు. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం ప్రభుత్వ బడుల్లో విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దే ప్రయత్నం చేసింది. దానికి వస్తువు నిర్వహణను కూడా జోడిస్తే ఈ రెండు జిల్లాలకు సరిపోయే నమూనా సిద్ధమవుతుంది.

పాలమూరుకు ప్రత్యేకమైన చిక్కు వలస. పంట చేతికి రాని ఏడాది ముంబయికో పుణెకో హైదరాబాద్‌కో బయలుదేరే కుటుంబం పిల్లవాడిని వెంట తీసుకుపోతే అతని పేరున ఉన్న ట్యాబ్ సంగతేమిటి? వలస వెళ్లేవారి పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టళ్లలో అతను ఉండిపోతే ట్యాబ్ అతనితో పాటు అక్కడికి పోవాలి. కుటుంబంతో వెళితే ప్రధానోపాధ్యాయుడికి అప్పగించి రసీదు తీసుకోవాలి, తిరిగి వచ్చిన రోజు ఏ ప్రశ్నలూ లేకుండా మళ్లీ పొందాలి. ట్యాబ్ అప్పగించలేదన్న సాకుతో టీసీ ఆపే పద్ధతి ఎక్కడా ఉండకూడదు; ఒక వస్తువు కోసం ఒక బిడ్డ చదువును నిలిపివేయడం ఆ వస్తువును కొన్న ఉద్దేశానికే విరుద్ధం.

2024 నుంచి ప్రతి ప్రభుత్వ బడికీ మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. జూన్‌లో బడి తెరిచిన తరువాత జరిగే తొలి సమావేశంలో ఆ తల్లులు స్టాక్ రిజిస్టరు తెరిపించి, ఎన్ని పరికరాలున్నాయో, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయో, ఎవరి చేతిలో ఉన్నాయో అడగాలి. చెడినవాటిని ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు పంపమని, మరమ్మతుకు కొంత నిధి వేరు చేయమని, పిల్లల పూచీ ఎక్కడ ఆగుతుందో, బడి పూచీ ఎక్కడ మొదలవుతుందో తెలుగులో ఒక్క పేజీలో రాసి గోడకు అంటించమని పట్టుబట్టాలి. ఆ అడిగే హక్కు వారికి ఉంది.